డీజిల్ అనే మనిషి

డీజిల్ అనేది ఒక మనిషి పేరని నాకు ఇంజనీరింగ్‌లో చేరేదాకా తెలీదు. పెట్రోల్, కిరోసిన్ లాగా అది కూడా ఒక ద్రవం పేరే అనుకున్నా. మా రూమ్మేట్ మెకానికల్ బ్రాంచ్. వాడి థర్మోడైనమిక్స్ పుస్తకంలో ఒట్టో సైకిల్, డీజిల్ సైకిల్ అని పక్కపక్కనే రెండు బొమ్మలుంటాయి. ఒట్టో ఎవర్రా అంటే పెట్రోల్ ఇంజన్ ఆయన అని టక్కున చెప్పాడు. మరి డీజిల్ ఎవరు అంటే వాడూ కాసేపు ఆలోచించాడు. ఆ రాత్రి నుంచి మొదలైంది నా వెతుకులాట.

నాకెందుకు ఇంత ఇంట్రెస్ట్ అంటే, మా ఇల్లు నడిచేది డీజిల్ మీద. నాన్న రాజమండ్రిలో సొంత కారు కిరాయిలకి తిప్పుతారు. డాష్‌బోర్డ్ అరలో ఒక పాకెట్ డైరీ ఉంటుంది. ట్యాంక్ ఫుల్ చేయించిన ప్రతిసారీ అందులో కిలోమీటర్ రీడింగు, పట్టిన లీటర్లు రాసుకుంటారు. నెలకి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుకి 20 వస్తే 200 లీటర్లు చాలు. 17 వస్తే 235 కావాలి. ఆ 35 లీటర్ల ఖరీదు దాదాపు నా హాస్టల్ మెస్ బిల్లు. కాబట్టి మైలేజ్ అనే మాట నేను అ ఆ లతో పాటే నేర్చుకున్నా. ఆ మాట వెనకాల ఒక మనిషి ఇంత అవస్థ పడ్డాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం. నాది ఇంగ్లీష్ మీడియం చదువు, తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకోవాలి.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. పుట్టింది ఫ్రాన్స్‌లోనే గానీ అమ్మానాన్నలు జర్మన్లు. నాన్న థియోడర్ ఆగ్స్‌బర్గ్ నుంచి బతకడానికి వచ్చి తోలు సామాన్లు తయారు చేసేవాడు. సంపాదన అంతంత మాత్రం. తయారైన సరుకుని తోపుడుబండిలో పెట్టుకుని పారిస్ వీధుల్లో కస్టమర్ల ఇళ్ళకి చేర్చే పని చిన్న రుడాల్ఫ్‌ది. ఖాళీ దొరికితే దగ్గర్లో ఉన్న టెక్నికల్ మ్యూజియంకి వెళ్ళి పాత ఆవిరి బండ్ల ముందు నిలబడేవాడట. బళ్ళో బాగా చదివేవాడు, పన్నెండేళ్ళకే ఒక కంచు పతకం వచ్చింది.

అదే ఏడాది, 1870లో, ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం మొదలైంది. జర్మన్ వాళ్ళందరూ పారిస్ వదిలి పోవాలన్నారు. ఇల్లూ వాకిలీ, నాన్న వర్క్‌షాపూ అన్నీ వదిలేసి కుటుంబం లండన్ చేరింది. అక్కడ అందరికీ గడవడం కష్టమై రుడాల్ఫ్‌ని ఒక్కణ్ణే ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. పన్నెండేళ్ళ పిల్లాడు అన్ని రైళ్ళు మారి ఒంటరిగా వెళ్ళాడు. ఆ ఇంటాయన, క్రిస్టాఫ్ బార్నికెల్, లెక్కల మాస్టారు. రుడాల్ఫ్ అదృష్టం అక్కడ పండింది. పద్నాలుగేళ్ళకి ఇంటికి ఉత్తరం రాసి తను ఇంజనీర్ అవుతానని చెప్పేశాడు. అమ్మానాన్నలకి మాత్రం త్వరగా ఏదో ఒక పనిలో చేరి డబ్బు పంపితే బాగుండని ఉంది. మనలో చాలామందికి ఈ సీన్ కొత్తేం కాదు. స్కాలర్‌షిప్ వచ్చింది కాబట్టి కుర్రాడు గెలిచాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. ఈ రోజు మన సీనియర్లు ఎమ్మెస్ కోసం అప్లై చేస్తున్న మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అదే.

అక్కడ థర్మోడైనమిక్స్ చెప్పిన ప్రొఫెసర్ కార్ల్ ఫాన్ లిండే. ఫ్రిజ్ టెక్నాలజీకి పునాది వేసినవాళ్ళలో ఆయన పెద్దపేరు. 1878లో ఒక క్లాసులో లిండే ఒక సంగతి చెప్పారు. ప్రపంచాన్ని నడుపుతున్న ఆవిరి యంత్రాలు బొగ్గులో ఉన్న వేడిలో నూటికి ఆరు నుంచి పది వంతులే పనిగా మారుస్తున్నాయి, మిగతాదంతా వృథా అని. మన భాషలో చెప్పాలంటే వంద రూపాయల బొగ్గు వేస్తే తొంభై రూపాయలు పొగగొట్టంలోంచి పోతున్నాయి. క్లాసులో అందరూ విని రాసుకున్నారు. డీజిల్ మాత్రం ఆ మాటని వదల్లేదు. ఆదర్శంగా ఉండే ఇంజన్ ఎంత ఇవ్వగలదో సాడీ కార్నో అనే ఫ్రెంచ్ కుర్రాడు 1824లోనే లెక్క కట్టి పెట్టాడు. ఆ లెక్కలో ఉన్న ఇంజన్‌ని నిజంగా కట్టొచ్చా అన్న ఆలోచన ఆ నోట్సు మార్జిన్‌లోనే మొదలైంది.

ఫైనల్ పరీక్షల టైమ్‌కి టైఫాయిడ్ పట్టుకుంది. తోటివాళ్ళు డిగ్రీలు తీసుకుని వెళ్ళిపోతే ఈయన స్విట్జర్లాండ్‌లో సుల్జర్ కంపెనీలో పని చేస్తూ గడిపాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత మార్కులతో పాసయ్యాడు. సప్లీ రాసి టాపర్ అవ్వడం అంటే ఇదే (సరే, ఇది సప్లీ కాదు, నన్ను నేను ఓదార్చుకుంటున్నా).

ఆ తర్వాత పదేళ్ళు మంచు తయారీలో గడిచాయి. లిండే గారి ఐస్ ఫ్యాక్టరీ కోసం పారిస్‌లో పని. 1883లో మార్తా ఫ్లాషేని పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. పగలు ఐస్, రాత్రి ఇంజన్. మొదట ఆవిరి బదులు అమ్మోనియాతో నడిచే యంత్రం కోసం ఏళ్ళకేళ్ళు తిప్పలు పడ్డాడు, అది తేలలేదు. 1890లో కుటుంబంతో బెర్లిన్ మారాడు. అక్కడ అమ్మోనియా వదిలేసి మామూలు గాలి దగ్గరికొచ్చాడు.

ఇక్కడ కొంచెం సైన్స్ ఓపిగ్గా చదవండి, మిగతా కథంతా దీని మీదే నిలబడింది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుంటే వేడిగా తగులుతుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత వేడి. పెట్రోల్ ఇంజన్‌లో గాలీ పెట్రోలూ ముందే కలిపి లోపలికి పంపి, నొక్కి, స్పార్క్‌తో అంటిస్తారు. అందుకే ఒక హద్దు దాటి నొక్కలేం. మిశ్రమం స్పార్క్ కోసం ఆగకుండా తనంతట తానే అంటుకుని ఇంజన్‌లో టకటకమని కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. డీజిల్ ఆలోచన వేరు. ముందు ఒట్టి గాలినే నొక్కుదాం, ఇంధనం లేనప్పుడు ఏదీ అంటుకోదు కదా. గాలి ఎర్రగా కాలేంత వేడెక్కాక అప్పుడు ఇంధనాన్ని కొంచెం కొంచెంగా లోపలికి వదులుదాం. స్పార్క్ ప్లగ్గే అక్కర్లేదు. బాగా నొక్కిన గాలి మండాక అంతే బాగా విస్తరిస్తుంది. అలా విస్తరించేటప్పుడే వేడి పనిగా మారుతుంది. నొక్కుడు పెరిగితే మైలేజ్ పెరుగుతుంది అనే సూత్రం ఇదే. ఇప్పటి పెట్రోల్ కార్లు గాలిని సుమారు పదో వంతుకి నొక్కుతాయి. డీజిల్ కార్లు పదహారో వంతు, ఇంకా తక్కువకి. నాన్న డైరీలో డీజిల్ కారు అంకెకీ బాబాయ్ పెట్రోల్ కారు అంకెకీ మధ్య తేడాలో పెద్ద వాటా ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ తగ్గిస్తే గాలి దారిని మూసే మూత ఒకటి ఉంటుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతుంటే ఇంజన్ ఆ సగం మూసిన దారిలోంచి కష్టపడి గాలి పీల్చుకోవాలి. స్ట్రాతో మిల్క్‌షేక్ తాగినట్టు. డీజిల్ ఇంజన్‌కి గాలి మీద అలాంటి అడ్డు అవసరం లేదు, ఇంధనం తగ్గిస్తే చాలు. అందుకే సిటీ ట్రాఫిక్‌లో డీజిల్ బళ్ళ లాభం ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. న్యాయంగా చెప్పాలంటే మూడోది కూడా చెప్పాలి. లీటర్ డీజిల్ బరువు ఎక్కువ, అందులో శక్తి లీటర్ పెట్రోల్ కంటే పది శాతానికి పైగానే ఎక్కువ. కాబట్టి లీటర్ల లెక్కలో డీజిల్‌కి కొంచెం దొంగ మార్కులు పడతాయి.

సరే, కథలోకి. 1892లో పేటెంట్‌కి అప్లై చేశాడు, 1893 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది చిన్న పుస్తకం అచ్చేసి, ఆవిరి యంత్రాన్నీ అప్పటి ఇంజన్లన్నిటినీ తన ఇంజన్ తప్పిస్తుందని ప్రకటించాడు. అందులో గాలిని 250 అట్మాస్ఫియర్ల దాకా నొక్కాలని, మండేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండా చూడాలని రాశాడు. కాగితం మీద అద్భుతం. అయితే అంత నొక్కడానికే ఇంజన్ శక్తంతా ఖర్చయిపోతుంది, రాపిడి పోగా బయటికి మిగిలేది దాదాపు ఏం ఉండదు. కొన్ని నెలల్లోనే ఆయనకే ఆ విషయం అర్థమైంది. ఒత్తిడి బాగా తగ్గించి, మండే పద్ధతి మార్చి, అదే ఏడాది రెండో పేటెంట్ వేశాడు. మనం కోడ్ మార్చి వెర్షన్ టూ అని పుష్ చేసేస్తాం. ఆయనకి అంత తేలిగ్గా అవ్వలేదు. మొదటి పేటెంట్‌లో రాసింది ఒకటి, తర్వాత తిరిగిన ఇంజన్ ఇంకొకటి అనే మాట చనిపోయేదాకా వెంటపడింది.

ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాయి. మూడు మీటర్ల ఎత్తు ఇనుప సిలిండర్ నిలబెట్టారు. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. ఇంధనం వదలగానే పెద్ద చప్పుడు, ఒత్తిడి కొలిచే పరికరం పగిలి ముక్కలు ఎగిరాయి. పక్కనే ఉన్నవాళ్ళు కొద్దిలో తప్పించుకున్నారు. ఇంజన్ తిరగలేదు. కానీ నొక్కిన గాలితోనే ఇంధనం అంటుకుంటుందని తేలింది. డీజిల్‌కి ఆ రోజుకి అంతే చాలు.

1894 ఫిబ్రవరి 17న ఇంజన్‌ని ఫ్యాక్టరీ షాఫ్ట్ బెల్టుతో తిప్పుతున్నారు. ఉన్నట్టుండి ఒక మెకానిక్ బెల్టు లాగుడు వదులైందని గమనించాడట. అంటే షాఫ్ట్ ఇంజన్‌ని తిప్పడం ఆగిపోయి ఇంజనే షాఫ్ట్‌ని తిప్పుతోంది. ఆయన ఏమీ మాట్లాడకుండా టోపీ తీశాడని చెబుతారు. నిమిషానికి 88 చుట్లు, అదీ ఒక్క నిమిషం పాటు.

ఆ ఒక్క నిమిషం నుంచి నమ్మకంగా తిరిగే ఇంజన్ దాకా ఇంకో మూడేళ్ళు పట్టింది. ఇంధనాన్ని ఎలా చిమ్మాలి అనే దగ్గరే ఎక్కువ కాలం పోయింది. చివరికి ఇంకా గట్టిగా నొక్కిన గాలితో ఇంధనాన్ని ఊదే పద్ధతి పని చేసింది. దానికోసం ఇంజన్ పక్కన ఒక కంప్రెసర్ పెట్టాల్సి వచ్చింది. ఈ కంప్రెసర్‌ని గుర్తు పెట్టుకోండి.

1897 ఫిబ్రవరి 17న, సరిగ్గా అదే తేదీన, మ్యూనిక్ నుంచి ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి అధికారికంగా పరీక్ష పెట్టాడు. నేను మొత్తం కథలో ఎక్కువసేపు ఆగింది ఇక్కడే, ఎందుకంటే నాన్న డైరీలో రాసేదీ ష్రోటర్ రాసుకున్నదీ ఒకే రకం లెక్క. ఒక హార్స్‌పవర్‌ని ఒక గంట పాటు ఇవ్వడానికి ఇంజన్ తాగింది 238 గ్రాముల కిరోసిన్. శాతంలో చెబితే 26.2. లిండే క్లాసులో విన్న ఆరు నుంచి పదికి ఇది రెండున్నర రెట్ల పైమాటే. మార్జిన్‌లో రాసుకున్న నోట్సు నుంచి ఈ అంకె దాకా పంతొమ్మిదేళ్ళు. నా మొత్తం వయసు.

తర్వాత డబ్బు వరదలా వచ్చింది. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ అక్కడి హక్కులకే పది లక్షల మార్కులిచ్చాడు. 1898లో పేటెంట్లన్నీ ఒక కొత్త కంపెనీకి అమ్మితే ముప్పై అయిదు లక్షల మార్కులు. తోపుడుబండి తోసిన పిల్లాడు నలభై ఏళ్ళకి కోటీశ్వరుడు. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే మోటివేషనల్ వీడియో అయిపోతుంది. నిజంగా జరిగింది వేరు. ల్యాబ్‌లో స్పెషలిస్టులు చుట్టూ ఉన్నప్పుడు తిరిగిన ఇంజన్ కస్టమర్ ఫ్యాక్టరీలో మొరాయించింది. అమ్మిన ఇంజన్లు పాడై వెనక్కి వచ్చాయి. ఆయన పేరుతో ఆగ్స్‌బర్గ్‌లో పెట్టిన ఫ్యాక్టరీ దెబ్బతింది. పేటెంట్ మీద కేసులు, తలనొప్పులు, నిద్రలేమి. 1898లోనే మానసికంగా కుంగిపోయి శానిటోరియంలో చేరాడు. పైగా డబ్బు విషయంలో ఆయనది గట్టి బుర్ర కాదు. స్థలాల మీద, గలీసియా చమురు బావుల మీద పెట్టి పోగొట్టుకున్నాడు. ఇంధనంలో ఒక్క శాతం వృథా అయినా ఊరుకోని మనిషి సొంత డబ్బు ఎటు పోతోందో చూసుకోలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. మార్తా, పిల్లలు ఆ పెద్ద ఇంట్లో ఏం తెలుసుకుని ఏం తెలుసుకోకుండా బతికారో.

1900లో పారిస్ ఎగ్జిబిషన్ జరిగింది. తనని పన్నెండేళ్ళప్పుడు వెళ్ళగొట్టిన ఊళ్ళోనే డీజిల్ ఇంజన్‌కి అత్యున్నత బహుమతి వచ్చింది. అక్కడ ఒక చిన్న ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇంజన్‌లో మార్పేమీ చేయలేదు, చూసేవాళ్ళకి తేడా కూడా తెలియలేదు. ఫ్రెంచ్ ప్రభుత్వానికి ఆఫ్రికా వలసల్లో పండే వేరుశనగతో అక్కడే ఇంజన్లు నడపాలని ఆశ. డీజిల్‌కి చివరి ఏళ్ళలో దీని మీద నమ్మకం పెరిగింది, ఒకనాటికి మొక్కల నూనెలు కూడా పెట్రోలియం అంత ముఖ్యమవుతాయని 1912లో రాశాడు. దీనికి మన దగ్గర ఒక చిన్న కొసమెరుపు ఉంది. ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే ఆదివాసీ ఊళ్ళో మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీసే పని పెట్టుకున్నాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే కార్బన్‌ని లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరికి 147 టన్నులకి డబ్బు కట్టింది.

1903లో ఆయన ఇంజన్లు పక్కన పెట్టి సమాజం మీద ఒక పుస్తకం రాశాడు. కార్మికులు పైసా పైసా కూడబెట్టి ఫ్యాక్టరీలని తామే సొంతం చేసుకోవాలనేది దాని సారాంశం. పెద్దగా ఎవరూ కొనలేదు. ఆయనకి మాత్రం ఇంజన్ కంటే అదే గొప్ప పనిగా అనిపించేదట. అసలు చిన్న వర్క్‌షాపుల వాళ్ళు, తన నాన్నలాంటి వాళ్ళు, పెద్ద ఆవిరి యంత్రాలున్న ఫ్యాక్టరీలతో పోటీ పడగలగాలని ఇంజన్ కనిపెట్టినప్పుడే అనుకున్నాడు. చివరికి ఆ ఇంజన్‌ని వాడుకున్నది పవర్ హౌస్‌లు, ఓడలు, జలాంతర్గాములు. 1912లో కోపెన్‌హాగెన్‌లో కట్టిన సెలాండియా ఓడ పొగగొట్టం లేకుండా సముద్రాలు దాటింది.

కారులో మాత్రం పట్టలేదు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న కంప్రెసరే కారణం. ఓడకి ఇంకో టన్ను బరువు లెక్కలోది కాదు. కారుకి ప్రతి కిలో లెక్కే. ఆగిన బండిని మళ్ళీ కదిపిన ప్రతిసారీ ఆ బరువుని ఇంధనం పోసి కదపాలి, బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ ఖర్చు వేడిగా పోతుంది. మైలేజ్ ఎక్కువిచ్చే ఇంజన్ తన బరువుతోనే మైలేజ్ తినేస్తే ఏం లాభం. 1908 ప్రాంతంలో లారీకి సరిపోయే చిన్న ఇంజన్ చేయించాడు గానీ అది నిలబడలేదు.

1913 వచ్చేసరికి పరిస్థితి బాగా చెడింది. గౌట్ నొప్పులు. అప్పులు. లూడర్స్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఈ డీజిల్ గొప్పంతా కట్టుకథ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే సిద్ధం చేశాడు. అదే ఏడాది డీజిల్ కూడా తన ఇంజన్ ఎలా పుట్టిందో చెబుతూ ఒక పుస్తకం తెచ్చాడు.

సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లాండ్‌లో కంపెనీ మీటింగ్ ఉంది. వెంట ఇద్దరు స్నేహితులు. కలిసి భోంచేశారు, డెక్ మీద కాసేపు నడిచారు. రాత్రి పది ప్రాంతంలో పొద్దున్న ఆరుంపావుకి లేపమని చెప్పి క్యాబిన్‌లోకి వెళ్ళాడు. పొద్దున్న లేపడానికి వెళితే మంచం నలగలేదు. రాత్రి వేసుకునే బట్టలు మంచం మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాచీ మంచం మీంచి కనిపించేలా పెట్టి ఉంది. వెనక డెక్ రెయిలింగ్ దగ్గర టోపీ, మడిచిన ఓవర్‌కోటు దొరికాయి. డైరీలో ఆ రోజు తేదీ దగ్గర ఒక శిలువ గుర్తు.

పది రోజుల తర్వాత ఒక డచ్ పడవకి సముద్రంలో ఒక శవం కనిపించింది. పైకి చేర్చే స్థితిలో లేదు. జేబులోని వస్తువులు మాత్రం తీసుకుని శరీరాన్ని మళ్ళీ నీళ్ళకే వదిలేశారు. మాత్రల డబ్బా, కళ్ళజోడు పెట్టె, చిన్న చాకు, పర్సు. అవి నాన్నవేనని చిన్న కొడుకు ఆయిగెన్ గుర్తుపట్టాడు. బయల్దేరే ముందు డీజిల్ మార్తాకి ఒక సంచి ఇచ్చి వచ్చే వారం దాకా విప్పొద్దన్నాడు. విప్పితే రెండు లక్షల మార్కుల నగదు, దాంతోపాటు బ్యాంకు ఖాతాలన్నీ దాదాపు ఖాళీ అని చూపించే కాగితాలు.

జర్మన్ గూఢచారులు చంపారని, చమురు కంపెనీలు చంపించాయని అప్పటి పేపర్లు రాశాయి, ఇప్పుడు యూట్యూబ్ వాళ్ళు రాస్తున్నారు. నాకైతే ఆ సంచి చూశాక వేరే కథలు అక్కర్లేదనిపించింది. ఆయనకి 55 ఏళ్ళు.

ఆ కంప్రెసర్‌ని వదిలించే పని ఇతరులు చేశారు. ప్రాస్పర్ లొరాంజ్ అనే ఇంజనీర్ 1909లోనే గాలి ఊదకుండా ఇంధనాన్ని మండించే చిన్న గది పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1920ల్లో డీజిల్ లారీలు రోడ్డెక్కాయి. 1927 నుంచి బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చేసింది. కంప్రెసర్ పోయింది, చేతిలో పట్టే పంపు వచ్చింది. ఈ రోజు లారీ ఇంజన్లు 45 శాతం దాకా, పెద్ద ఓడల ఇంజన్లు యాభై దాటి ఇస్తున్నాయి. ఎక్కువ నొక్కుడు, ఎక్కువ వేడి వల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, అది ఈ ఇంజన్‌తో పుట్టిన రోగం. 2015లో ఫోక్స్‌వాగన్ దొరికిపోయింది కూడా అక్కడే. టెస్ట్ జరుగుతోందని స్టీరింగ్ కదలకపోవడం లాంటి గుర్తుల బట్టి కనిపెట్టి, అప్పుడు మాత్రమే పొగ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాదాపు కోటీ పది లక్షల బళ్ళలో. మన సీఎస్‌ఈ వాళ్ళు రాసిన ఒక ఇఫ్ కండిషన్ అన్నమాట. సిగ్గుపడాల్సింది మెకానికల్ వాళ్ళు కాదు.

ఇదంతా సెలవుల్లో నాన్నకి చెప్పాను. వైజాగ్ కిరాయికి వెళ్తుంటే పక్కన కూర్చున్నా. ఇంజన్ లోపల డీజిల్ ఎంత మిగిల్చినా ఇంజన్ బయట మనం ఎలా పోగొడతామో కూడా నేను చదివినవి చెప్పుకుంటూ పోయాను. గంటకి 80 నుంచి 110కి పెంచితే ఎదురుగాలి అడ్డం దాదాపు రెండింతలవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. టైర్లో గాలి తగ్గితే రబ్బరు ఎక్కువ నలిగి ఇంధనం తింటుంది. పైన క్యారియర్ కట్టినా, ఏసీ వేసినా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చిన్న చిన్న ట్రిప్పులు తిరిగినా, పార్టీ కోసం ఇంజన్ ఆపకుండా అరగంట ఎదురు చూసినా అంతే. కంపెనీ చెప్పే మైలేజ్ ఏసీ ఆపేసి ల్యాబ్‌లో రోలర్ల మీద పరీక్షించి చెప్పేది కాబట్టి రోడ్డు మీద రాదు. నాన్న అన్నీ విని డైరీ తీసి చూపించారు. హైవే ఖాళీగా ఉండి తొందర పెట్టిన పార్టీ దగ్గర 17.4. కుటుంబంతో నెమ్మదిగా అన్నవరం వెళ్ళొచ్చిన రోజు 21.8. ఫార్ములా లేకుండా ఆయన ఎప్పుడో తేల్చుకున్నారు. తుని దాటాక చూస్తే స్పీడోమీటర్ ముల్లు 80 దగ్గరే ఉంది.

తర్వాత నాన్న ఒక్కటే అడిగారు, మరి మొదటి డీజిల్ కారు ఎప్పుడొచ్చింది అని. 1936లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ వాళ్ళు 260 డి అనే కారు పెట్టారు. 45 హార్స్‌పవర్, గంటకి 95 దాకా పోతుంది. అదే సైజు పెట్రోల్ కారు వంద కిలోమీటర్లకి 13 లీటర్లు తాగితే ఇది తొమ్మిదిన్నరతో సరిపెట్టుకునేది. డీజిల్ పోయి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆ కార్లని ఎగబడి కొన్నది ఎవరని కూడా చెప్పాను. టాక్సీ డ్రైవర్లు.